నడిచి వచ్చిన మనిషిని మాకంటే ముందు ఎందుకు చూశారు? క్యాజువాలిటీ గురించి ఒక సిస్టరు సమాధానం

నా జవాబంతా మీ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందు దానిని క్లుప్తంగా చెప్పుకుంటాను. గుణుపురం దగ్గర మోటారుసైకిలు వెనుక కూర్చున్న మీ అమ్మగారు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. మీరు ఆరుగురు ఆమెను వెంటబెట్టుకొని రాత్రి ఎనిమిదికి పావుగంట తక్కువలో ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి, అంటే అత్యవసర విభాగానికి చేరారు. ఒక సిస్టరు వచ్చి వేళ్ళు కదపమని, బొటనవేలి గోరు నొక్కి చూసి, గాజులు తీయించి, బల్ల మీద కూర్చోమని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎక్స్‌రేకు పిలిచేసరికి రెండున్నర గంటలు పట్టింది. ఈలోగా తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చిన ఒక యాభై ఏళ్ళ మనిషిని, చొక్కా వానలో తడిసినట్టు చెమటతో తడిసిపోయి ఉన్న మనిషిని, చీటీ అయినా రాయకుండా లోపలికి తీసుకువెళ్ళారు. మీలో అయిదుగురిని బయటికి పంపారు. పోలీసు ఒకాయన వచ్చి పేర్లు రాసుకున్నారు. "మా అమ్మను ఎవరూ పట్టించుకోలేదు, మళ్ళీ వెళ్ళవలసివస్తే ఏం జరుగుతుందని అనుకోవాలి" అని మీరు అడిగారు.

నేను దక్షిణ ఒడిశాలోని ప్రభుత్వ ఆసుపత్రులలో 29 ఏళ్ళు నర్సుగా పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు క్యాజువాలిటీకి ఇన్‌చార్జి సిస్టరుగా ఉన్నాను. మా ఇంటి భాష తెలుగు, డ్యూటీలో మాట్లాడినది ఒడియా, కేస్ షీటులో రాసినది ఇంగ్లీషు. మీ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఒక మాట ముందే చెప్పాలి: మీ అమ్మగారిని పట్టించుకోలేదన్నది నిజం కాదు. ఆ సిస్టరు గోరు నొక్కడమే ఆమె చేసిన పరీక్ష.

ఎముక విరిగిన చోట చూడవలసింది ముందుగా ఎముకను కాదు, దాని పక్కనుంచి వెళ్ళే రక్తనాళాన్నీ నరాన్నీ. గోరు నొక్కితే తెల్లబడుతుంది, వదిలితే రెండు సెకన్లలోపు మళ్ళీ ఎర్రబడాలి. అలా ఎర్రబడితే చేతికి రక్తం అందుతున్నట్టు. వేళ్ళు కదిలితే, తాకినప్పుడు స్పర్శ తెలిస్తే, నరం పనిచేస్తున్నట్టు. చర్మం చిట్లి ఎముక బయటికి రాలేదు కనుక చీము పట్టే ప్రమాదం తక్షణం లేదు. ఇంత సమాచారాన్ని అనుభవమున్న నర్సు అర నిమిషంలో తీసుకుంటుంది. గాజులు తీయించినది కూడా అందుకే. వాపు పెరిగాక గాజు గానీ ఉంగరం గానీ తాడులా బిగుసుకొని వేలికి రక్తం ఆపేస్తుంది, అప్పుడు కట్టరుతో కోయవలసివస్తుంది. ముత్తైదువ చేతికి గాజులు తీయకూడదని వాదించే పెద్దవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను. వాళ్ళ చేతులు పట్టుకొని, సబ్బునీళ్ళు రాసి, ఒక్కొక్క గాజూ మెల్లగా జార్చి, వాటిని రుమాలులో మూటకట్టి వాళ్ళ కొంగుకే ముడివేసి ఇచ్చేదాన్ని.

ఇలా వచ్చిన ప్రతి మనిషినీ మొదట చూసి ఎవరు ఆగగలరో ఎవరు ఆగలేరో తేల్చడాన్ని ట్రయాజ్ అంటారు. కొన్ని ఆసుపత్రులలో దీనికి రంగులు ఉంటాయి. ఎరుపు అంటే ప్రాణం మీదికి వచ్చినది, పసుపు అంటే కొంతసేపు ఆగగలిగినా కనిపెట్టి ఉండవలసినది, ఆకుపచ్చ అంటే నొప్పి ఎంత ఉన్నా ప్రాణానికి భయం లేనిది. రంగుల పట్టీలు లేని చోట కూడా పని ఇలాగే సాగుతుంది. రేషను దుకాణంలోలాగా ఎవరు ముందు వస్తే వారికి ముందు అన్న లెక్క క్యాజువాలిటీలో ఉండదు, ఉండకూడదు. మీ అమ్మగారి నొప్పి చిన్నది కాదు, కానీ ఆమె చెయ్యి రెండున్నర గంటలు ఆగగలదు.

ఆ నడిచి వచ్చిన మనిషిని నేను చూడలేదు కనుక ఆయన జబ్బేమిటో చెప్పలేను. అయితే ఆ వయసులో, చల్లని చెమటతో చొక్కా తడిసిపోయి వచ్చిన మనిషిని నేనైనా చీటీ కోసం నిలబెట్టను. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడిన వాళ్ళలో చాలామంది నడుస్తూనే వస్తారు. మన వైపు ఆ నొప్పికి "గ్యాసు" అని పేరు పెట్టి, సోడా తాగి, వాము నమిలి, రెండు గంటలు ఇంట్లోనే గడిపి వస్తారు. అలాంటి మనిషికి ఆసుపత్రి గడప దాటిన పది నిమిషాలలోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతటా పాటించే నియమం. ఈసీజీలో పెద్ద అడ్డంకి కనబడితే, స్టెంటు వేసే కేంద్రం దగ్గరలో లేని మనలాంటి చోట్ల, గడ్డను కరిగించే ఇంజెక్షను ఇస్తారు. స్ట్రెప్టోకైనేజ్, టెనెక్టెప్లేజ్ అన్నవి ఆ మందుల పేర్లు. నొప్పి మొదలైన తొలి గంటల్లో ఇస్తే గుండె కండరం ఎక్కువగా మిగులుతుంది, పన్నెండు గంటలు దాటాక దాని వల్ల ఒరిగేది చాలా తక్కువ. అందుకే ఆయన పేరు రాయకముందే చొక్కా గుండీలు విప్పి ఉంటారు.

మొదట వేసిన అంచనా చివరిదాకా అలాగే ఉండదు. ఇది కూర్చున్నవాళ్ళు తప్పక తెలుసుకోవలసిన విషయం. బల్ల మీద కూర్చున్న మనిషి పరిస్థితి గంటలో మారిపోవచ్చు, లోపల పనిలో ఉన్న సిస్టరు కంటే పక్కన కూర్చున్న మీకే ఆ మార్పు ముందు తెలుస్తుంది. మగతగా మారడం, పొంతన లేకుండా మాట్లాడడం, ఊపిరి వేగంగా లేదా బరువుగా రావడం, పెదవులు నీలంగా మారడం, కొత్తగా ఒక చెయ్యి గానీ మూతి గానీ పడిపోవడం, కట్టు తడిసి రక్తం కారడం, తలకు దెబ్బ తగిలిన మనిషి మళ్ళీ మళ్ళీ వాంతి చేసుకోవడం, విరిగిన చేతి వేళ్ళు చల్లబడి తెల్లగా లేదా నీలంగా మారడం, వీటిలో ఏది కనబడినా మొహమాటపడకుండా లేచి వెళ్ళి చెప్పండి.

చెప్పేటప్పుడు ఎలా చెప్పాలన్నది కూడా ముఖ్యమే. "సీరియస్‌గా ఉంది, త్వరగా రండి" అని ఆ హాలులో ఉన్న ప్రతి ఒక్కరూ అంటారు, ఆ మాట వందసార్లు విన్న చెవికి అది మామూలు చప్పుడైపోతుంది. దాని బదులు "పది నిమిషాల కిందట మాట్లాడింది, ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు" అనండి. ఆ మాట విన్న నర్సు చేతిలో పని వదిలేసి వస్తుంది. నేను ఎన్నోసార్లు అలా పరుగెత్తాను. మీరు చేరిన వేళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన ప్రభుత్వ ఆసుపత్రులలో నర్సుల డ్యూటీ సాధారణంగా ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి మారుతుంది. ఆ సమయంలో దిగిపోయేవారు ఎక్కేవారికి ఒక్కొక్క రోగి గురించీ చెప్పి అప్పగించాలి. అప్పుడు గుంపుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్టు కనబడుతుంది గానీ అది ఆపకూడని పని. మామూలు సందేహాలను పావుగంట ఆగి అడగండి, పరిస్థితి మారితే మాత్రం అప్పుడైనా ఆగవద్దు.

ఇక లోపలికి తీసుకువెళ్ళాక ఏం జరుగుతుందో చెబుతాను. ప్రాణం మీదికి వచ్చిన మనిషి చుట్టూ ఒకేసారి నలుగురయిదుగురు చేరతారు. ఒకరు ఆక్సిజన్ పెడతారు, ఒకరు చేతికి సూది ఎక్కించి సెలైను పెడతారు, ఒకరు కత్తెరతో బట్టలు కోసేస్తారు. మంచి పట్టుచీర కోశారని తర్వాత ఏడ్చినవాళ్ళను ఓదార్చాను, కానీ విరిగిన తొడను కదపకుండా గాయం చూడడానికి వేరే దారి లేదు. ఇది చూసి కుటుంబసభ్యులు హడలిపోతారు. నిజానికి భయపడవలసినది అందరూ చేతులు కట్టుకొని నిలబడినప్పుడు.

ఒకే ప్రశ్నను నలుగురు అడుగుతారు. సిస్టరు అడుగుతుంది, హౌస్ సర్జన్ అడుగుతాడు, పీజీ డాక్టరు అడుగుతాడు, పెద్ద డాక్టరు వచ్చి మళ్ళీ మొదటినుంచీ అడుగుతారు. విసుక్కోకండి. మూడోసారి చెప్పినప్పుడు గుర్తుకు వచ్చిన ఒక్క మాట వైద్యాన్ని మార్చేసిన సందర్భాలు నాకు తెలుసు. లోపల రోగి పక్కన నిలబడవలసిన ఆ ఒక్క మనిషి ఎవరన్నది మీరు ఆటోలోనే తేల్చుకోండి. అందరికంటే పెద్దవాడో, గొంతు ఎక్కువున్నవాడో, పట్నంలో ఉద్యోగం చేసేవాడో కానక్కరలేదు. జరిగినది కళ్ళతో చూసినవారు, రోజూ మందులు చేతికి అందించేవారు లోపల ఉండాలి. చాలా ఇళ్ళలో ఆ మనిషి కోడలు గానీ పదో తరగతి చదివే మనవరాలు గానీ అవుతుంది, మనం మాత్రం వాళ్ళను గేటు బయట నిలబెట్టి, నిన్న రాత్రే ఊరినుంచి వచ్చిన బావగారిని లోపలికి పంపుతాం.

ఈ విషయంలో నేనే ఒక పొరపాటు చేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏట, తలకు చిన్న దెబ్బ తగిలిన ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. ఏం మందులు వాడతారని అడిగితే కొడుకు "గుండె మాత్ర, బీపీ మాత్ర" అన్నాడు, నేను అలాగే రాశాను. ఆయనకు అంతకుముందు గుండె కవాటం ఆపరేషను జరిగింది. ఆ గుండె మాత్ర రక్తాన్ని పలచబరిచే మందు. అలాంటి మందు వాడేవారి తలకు తగిలిన చిన్న దెబ్బను కూడా చిన్నదిగా చూడకూడదు, ఎందుకంటే లోపల రక్తం ఆగకుండా కారుతూ ఉండవచ్చు. రెండు గంటల తర్వాత భార్య వచ్చి పాలిథిన్ సంచిలోంచి మాత్రల అట్ట తీసి చూపించేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఆయన బతికారు, కానీ ఆ రెండు గంటలు నేను మరిచిపోలేదు. అప్పటినుంచి "ఏ మాత్ర" అని అడగడం మాని "అట్ట చూపించండి" అనడం మొదలుపెట్టాను. మందుల దుకాణంలో పది మాత్రల అట్టను కత్తిరించి నాలుగు ఇస్తే, పేరున్న ముక్క దుకాణంలోనే ఉండిపోతుంది. పేరు కనబడే ముక్క అడిగి తీసుకోండి, లేదా అట్టను సెల్‌ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

మందు పేరు తర్వాత అంత విలువైనది సమయం. పక్షవాతం వచ్చిన మనిషికి గడ్డ కరిగించే ఇంజెక్షను ఇవ్వాలంటే నాలుగున్నర గంటల గడువు ఉంటుంది, ఆ గడువును మూతి వంకర కనబడిన క్షణం నుంచి కాదు, ఆ మనిషి చివరిసారి బాగా ఉన్నట్టు ఎవరైనా చూసిన క్షణం నుంచి లెక్కిస్తారు. పొద్దున్న అయిదింటికి లేవలేకపోయిన మనిషిని రాత్రి పదింటికి బాగానే చూశామంటే లెక్క పదింటినుంచే మొదలవుతుంది. పురుగుల మందు మింగితే ఎప్పుడు, ఎంత, ఏ మందు అన్నవి మూడూ కావాలి. ఆ డబ్బాను వాసన వస్తుందని పొలంలో పారేయకుండా మూత బిగించి సంచిలో వేసుకు రండి. కొన్ని పురుగుల మందులకు అట్రోపిన్ అనే ఇంజెక్షను ప్రాణం నిలబెడుతుంది, పారాక్వాట్ అనే కలుపు మందుకు విరుగుడే లేదు. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. మందు పడిన బట్టలు మాత్రం తీసేసి, ఒంటిని సబ్బుతో కడగండి, ఎందుకంటే అది చర్మం గుండా కూడా లోపలికి వెళుతూనే ఉంటుంది.

పాముకాటు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలలో వానాకాలం మొదలైతే ఇది రోజూ వచ్చే కేసు. ఒక తెల్లవారుజామున నాలుగున్నరకు పన్నెండేళ్ళ పిల్లవాడిని వాళ్ళ నానమ్మ, చిన్నాన్న తీసుకొచ్చారు. నేల మీద చాప వేసుకొని పడుకున్నాడట, రెండింటికి కడుపునొప్పి అని లేచాడట. ఒంటి మీద ఎక్కడా గాటు లేదు, వాపు లేదు. "నిద్ర చాలలేదమ్మా, అందుకే కళ్ళు మూసుకుపోతున్నాయి" అన్నది నానమ్మ. నేను పిల్లవాడిని పైకి చూడమన్నాను. నుదురు ముడతలు పడింది గానీ రెప్పలు లేవలేదు. వేలితో రెప్ప ఎత్తి వదిలితే తడిసిన గుడ్డలా మళ్ళీ జారిపోయింది. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. నిద్రలో కరుస్తుంది, గాటు కనబడదు, కరిచిన చోట నొప్పి ఉండదు, ముందు రెప్పలు పడిపోతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. ఆ పిల్లవాడికి గొంతులో గొట్టం వేశారు, వెంటిలేటరు ఖాళీ అయ్యేదాకా వాళ్ళ చిన్నాన్న రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు, అయిదు సెకన్లకు ఒక నొక్కు చొప్పున, నేను పక్కన నిలబడి లెక్కపెడుతూ ఉంటే, సుమారు గంటన్నరసేపు. మిమ్మల్ని కూడా ఎప్పుడైనా ఆ సంచి నొక్కమని అడగవచ్చు. అడిగితే చేతులు వణికినా భయపడకండి, నేర్పిస్తారు. ఆ పిల్లవాడు తొమ్మిదో రోజున ఇంటికి వెళ్ళాడు.

పామును చంపి సంచిలో తేనక్కరలేదు. మన దేశంలో ఇచ్చే పాము విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ పనిచేసేలా తయారైనది. కాటు పైన బిగించి కట్టవద్దు, కోయవద్దు, పసరు పోయవద్దు. విరిగిన కాలును కదపకుండా ఉంచినట్టే కరిచిన కాలును ఉంచి తీసుకురండి. దారిలో ఎవరైనా ఇప్పటికే బిగించి కట్టేసి ఉంటే దానిని మీరు విప్పవద్దు, ఆసుపత్రిలో సెలైను పెట్టాక విప్పుతారు. ఆసుపత్రిలో కొద్దిగా రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెడతారు. గడ్డకడితే ఒక దారి, గడ్డకట్టకపోతే పింజరి విషం రక్తంలో ఉన్నట్టు. ఆ ఇరవై నిమిషాలు డాక్టరు గొట్టం వైపు చూస్తూ ఖాళీగా కూర్చున్నాడని ఒకసారి బంధువులు మీదికి వచ్చారు. ఆ గొట్టాన్ని ముందే కదిపితే పరీక్ష చెడిపోతుంది.

మీరు భాష గురించి కూడా రాశారు. గంజాం, గజపతి జిల్లాల ఆసుపత్రులలో తెలుగు వచ్చిన సిస్టరో, వార్డు బాయో సాధారణంగా ఒకరు దొరుకుతారు, అడిగితే పిలుస్తారు. ఎవరూ లేకపోతే రెండు మూడు ఒడియా మాటలు చాలు: "ఛాతిరే జొంత్రొణా హేఉఛి" అంటే ఛాతీలో నొప్పిగా ఉందని, "సాపొ కాముడిఛి" అంటే పాము కరిచిందని అర్థం. వాటికంటే అవసరమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. మన వాళ్ళు కడుపులో మంటనూ, ఛాతీలో నొప్పినీ, దడనూ కూడా "గుండెల్లో" అనే అంటారు. ఎక్కడ నొప్పి అని అడిగితే మాటతో ఆగకుండా రోగి చేతినే ఆ చోటికి పెట్టించండి. సంతకం అడిగిన కాగితంలో ఏముందో తెలుగులో చెప్పమనండి. అలా అడిగే హక్కు మీకుంది, ఎవరూ తప్పుపట్టరు.

మీలో అయిదుగురిని బయటికి పంపడం అవమానం కాదు. రెండు మంచాల మధ్య ట్రాలీ పట్టేంత సందు మాత్రమే ఉంటుంది, గుండె ఆగిన మనిషి దగ్గరికి యంత్రాన్ని తోసుకొస్తుంటే ఆ సందులో నలుగురు నిలబడి ఉండడం నేను కళ్ళారా చూశాను. బయట ఉన్నవాళ్ళకు పని లేదని కాదు. ఒకరు చీటీ, ఆధార్, ఆయుష్మాన్ కార్డు చూసుకోవాలి, ఒకరు రక్తనిధికి వెళ్ళవలసి రావచ్చు, ఒకరు రాత్రి మూడింటికి లోపలి మనిషిని మార్చడానికి నిద్రపోయి లేవాలి. అందరూ ఒకేసారి మేలుకొని అందరూ ఒకేసారి అలసిపోవడం మన అలవాటు. డాక్టరు చెప్పేదాకా రోగికి నీళ్ళు, టీ, కొబ్బరినీళ్ళు ఏవీ ఇవ్వకండి. దాహమంటే జాలిపడి పట్టిన గుక్కెడు నీళ్ళ వల్ల ఆపరేషను వాయిదా పడుతుంది, మత్తు ఇచ్చినప్పుడు అవి ఊపిరితిత్తులలోకి వెళితే ప్రాణానికే ప్రమాదం. తడి గుడ్డతో పెదవులు అద్దండి. పక్క మంచం మీద ఉన్న మనిషి ఫోటోలు, వీడియోలు తీయవద్దు, అక్కడ పడుకున్నది ఒకరి తల్లి, ఒకరి కూతురు.

పోలీసు పేర్లు రాసుకున్నది మీ మీద కేసు పెట్టడానికి కాదు. రోడ్డు ప్రమాదం, కాలిన గాయాలు, విషం, కొట్లాట వంటివి వస్తే ఆసుపత్రి వాటిని మెడికోలీగల్ కేసుగా రాసి పోలీసులకు తెలియజేయాలి, మీ అమ్మగారు పడినది బండి మీదనుంచి కదా. ఈ రాత కోసం వైద్యం ఆగకూడదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాతే అని స్పష్టంగా తీర్పు చెప్పింది. డబ్బు కట్టేదాకా ముట్టుకోబోమని గానీ, పోలీసులు వచ్చేదాకా చూడబోమని గానీ ఎవరైనా అంటే అది తప్పు, ఆ మాట మర్యాదగా, గట్టిగా చెప్పండి. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం, బరంపురం మధ్య పడిపోయినవారిని చూసి, సాక్ష్యానికి తిప్పుతారన్న భయంతో ఆగకుండా వెళ్ళేవాళ్ళకు కూడా ఇది తెలియాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, గాయపడినవారిని తీసుకొచ్చిన మనిషికి రక్షణ ఇచ్చింది, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదు.

ఈ రాతలను వద్దని బతిమాలి తప్పించుకున్నవాళ్ళు తర్వాత నష్టపోతారు. ప్రమాద బీమాకు ఆ కాగితమే ఆధారం. ఒడిశా ప్రభుత్వం పాముకాటును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు సహాయంగా ఇస్తుంది, దానికి పోస్టుమార్టం నివేదిక అడుగుతారు. బిడ్డ పోయిన తల్లితో పోస్టుమార్టం మాట ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా పక్కన కూర్చొని చెప్పేదాన్ని, ఎందుకంటే మూడు నెలల తర్వాత ఆ కాగితం కోసం వాళ్ళు వట్టిచేతులతో తిరగడం అంతకంటే కష్టంగా ఉండేది.

పెద్ద ఆసుపత్రికి పంపడం గురించి కూడా చెప్పాలి. ఇటువైపు ఉన్నవాళ్ళకు 1962లో స్థాపించిన బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి, కొరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. భాష వల్లా, బంధువుల వల్లా చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం కేజీహెచ్ వైపే చూస్తారు. వెళ్ళడంలో తప్పు లేదు, కానీ డాక్టరు ఇంకా కదపవద్దని చెబుతుండగా "మా ఇష్టంతో తీసుకువెళుతున్నాము" అని సంతకం చేసి, ఆక్సిజన్ లేని కారులో ఎక్కించడాన్ని నేను ఎప్పుడూ సమర్థించలేదు. అలా బయలుదేరినవారిలో కొందరు దారిలోనే పోయారు. "ఇక్కడ లేని ఏ వైద్యం కోసం అక్కడికి వెళుతున్నాము, దారిలో ఊపిరి ఆగితే చూసేదెవరు" అన్న రెండు ప్రశ్నలు డాక్టరును అడిగాకే కదలండి. రిఫరల్ చీటీ, ఈసీజీ, స్కాను ఫిల్ములు, ఏ ఇంజెక్షను ఎన్ని గంటలకు ఇచ్చారో రాసిన కాగితం తీసుకోండి. గడ్డ కరిగించే మందు ఇచ్చిన సంగతి కాగితం మీద లేకపోతే అక్కడివాళ్ళు మొదటినుంచీ మొదలుపెట్టవలసివస్తుంది.

అంబులెన్సుకు 108, గర్భిణులకూ పసిబిడ్డలకూ 102. పర్లాకిమిడికి ఆనుకొని పాతపట్నం ఉన్నట్టే మన సరిహద్దు ఊళ్ళన్నీ రెండు రాష్ట్రాల టవర్ల మధ్య ఉంటాయి, మీ ఫోను అవతలి రాష్ట్రం కంట్రోలు రూముకు కలవవచ్చు. అందుకని ఫోను ఎత్తగానే ముందు రాష్ట్రం, జిల్లా, బ్లాకు పేరు చెప్పి, తర్వాత జబ్బు చెప్పండి. రాష్ట్రం దాటించవలసివస్తే ఆ వాహనం వస్తుందో రాదో అప్పుడే అడిగి తేల్చుకోండి.

చివరగా మీ అమ్మగారి సంగతి చెబుతాను. కట్టు వేసి పంపారని రాశారు. మొదటి రెండు రోజులు వాపు ఇంకా పెరగవచ్చు, కానీ పిండికట్టు వాపుతో పాటు సాగదు. చేతిని దిండు మీద గుండె కంటే ఎత్తులో ఉంచండి, వేళ్ళు గంటకోసారి కదిపించండి. కట్టులోకి పుల్లలు దూర్చి గోకనివ్వకండి. ఆ సిస్టరు చేసిన పరీక్షను పడుకునేముందు, తెల్లవారుజామున మీరే చేయండి: బొటనవేలి గోరు నొక్కి వదిలి, మళ్ళీ ఎర్రబడేదాకా "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి. రెండు దాటినా తెల్లగానే ఉంటే, వేళ్ళు తిమ్మిరెక్కితే, చల్లబడితే, లేదా మాత్ర వేసినా నొప్పి గంటగంటకూ పెరుగుతుంటే, తెల్లారేదాకా ఆగకుండా బయలుదేరండి. క్యాజువాలిటీ బల్ల దగ్గర "కట్టు వేసిన చెయ్యి, వేళ్ళకు రక్తం అందడం లేదు" అని చెప్పండి. ఆ మాట చెప్పాక మీ అమ్మగారిని రెండున్నర గంటలు కూర్చోబెట్టరు.